షెడ్డు వెనక వయ్యారిభామ

పేరుకే వయ్యారిభామ. తాకితే ఒళ్లంతా దద్దుర్లు, పూసిందంటే ఊపిరాడదు. ఆ కలుపును ఊరంతా పీకించడమే పెద్దమ్మాయి ఉద్యోగం. కూలీలకు ఆమె చెప్పే పాఠం ఒక్కటే: "పీకండి గానీ తవ్వకండి. లోతున పడ్డ విత్తనం ఏళ్లు గడిచినా చావదు, నిద్రపోతుంది. పార వేసి పైకి తెచ్చారా, వెలుతురు తగిలి లేచి కూర్చుంటుంది."

పుట్టింటి పెరడంటే ఆమెకు మహా గర్వం. ఇల్లు కట్టినప్పుడు లారీల్లో తోలించిన మట్టితో ఆ దరిద్రం వచ్చిపడింది. ఒక్క మొక్కనూ పువ్వు దాకా రానివ్వకుండా ఏళ్ల తరబడి పీకి, పైమట్టిని శుభ్రం చేసింది.

తొలి వానలు పడ్డాక ఆమె అమ్మను చూడటానికి వచ్చింది. తమ్ముడు కనబడకుండా పోయి నెల దాటింది. తాగొచ్చి నాన్నతో కలబడ్డాడు, తెల్లారేసరికి లేడు. "ఏ ఊరో పోయాడు, ఆకలేస్తే వాడే వస్తాడు" అని నాన్న తేల్చేశాడు. అమ్మ మాత్రం వీధి తలుపుకు గడియ పెట్టనివ్వడం లేదు.

"మీ నాన్న మారిపోయారే," అంది అమ్మ. "పూచికపుల్ల తీసి పక్కన పెట్టని మనిషి, పొద్దున్నే లేచి షెడ్డు వెనక కలుపు పీకుతున్నారు."

ఆమె నవ్వుతూనే చూడటానికి వెళ్లింది. పెరడంతా నున్నగా ఉంది. షెడ్డు వెనక మాత్రం వయ్యారిభామ మొలకలు నారుమడిలా ఒత్తుగా లేచాయి. పీకిన చోటే మళ్లీ మొలిచాయి. మంచమంత మేర, అంతే. దాని పక్కన ఒక్క మొలక కూడా లేదు. ఆమె గబగబా ఇంటి ముందుకు వచ్చింది.

నాన్న వరండాలో పేపరు చదువుతున్నాడు.

"నాన్నా, షెడ్డు వెనక ఏమైనా తవ్వావా?"

పైపు కోసమనో, ఎలుకల కోసమనో చెబితే బాగుండు. ఎంత అడ్డగోలు అబద్ధమైనా నమ్మేద్దామని ఆమె ప్రాణం కొట్టుకుపోయింది.

"నేనెందుకు తవ్వుతానే? పిచ్చిమొక్కలు, వాటంతటవే వచ్చాయి." ఆయన పేపరు దించలేదు. చేతులు మోచేతుల దాకా దద్దుర్లే.

వాటంతటవి రావు. ఆ సంగతి ఈ ఇంట్లో ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు. నోరు మూసుకుంటే తమ్ముడు ఏదో ఒక ఊళ్లో బతికే ఉంటాడు, నాన్న నాన్నగానే ఉంటాడు. అలాగే కానిద్దామా అనుకుంది, సిగ్గు లేకుండా అనుకుంది.

"అంత చూడ్డానికేముందే అక్కడ? నేనూ ఓ చెయ్యి వేస్తా," అంటూ అమ్మ పార భుజాన వేసుకుని షెడ్డు వైపు నడిచింది.

ఆమె పరుగున వెళ్లి పార లాక్కుని పక్కన పడేసింది. అమ్మ చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకుని గట్టిగా పట్టుకుంది.

"అమ్మా," అంది, "తమ్ముడు ఏ ఊరూ పోలేదు."