ఉత్తరపు గోడ

కాదు, దీన్ని పొరపాటు అనడం కూడా తొందరపాటే, పొరపాటు చేసేవాడికి లోపల ఎక్కడో చిన్న అనుమానం ఉంటుంది, ఈ చర్చి కట్టినవాళ్ళకి అది కూడా ఉన్నట్టు లేదు, అనుకున్నాడు ఆదిశేషయ్య. చర్చి లోపల ఉత్తరపు గోడకి అరచెయ్యి ఆనించి నిలబడి ఉన్నాడు. గోడ చల్లగా ఉంది. ఇందాకే బయట ఇదే గోడని తాకి వచ్చాడు. అక్కడ అది, ఈ దేశంలో జూలై చలికాలమే అయినా, ఎండకి పొయ్యి పక్క గోడలా వెచ్చగా ఉంది. మధ్యలో మూరెడు మందం ఇటుక. అటు ఎండ, ఇటు బూజు.

ఆ ఎండ లోపలికి రావాలంటే గోడ కొట్టి కిటికీలు పెట్టాలి. పెట్టాలా వద్దా చెప్పమనే ఇంజినీరైన అతన్ని పిలిచారు. చెమ్మ తగ్గే మార్గం చూపించకపోతే ఈ చలికాలం అయ్యాక చర్చికి తాళం వేస్తామని బిషప్ ఆఫీసు వాళ్ళు చెప్పేశారు. నిరుడు ఇక్కడికి వచ్చే ముసలివాళ్ళలో ముగ్గురికి ఛాతీ పట్టేసింది.

ఉమ్‌హ్లాలి దాటి షాకాస్‌క్రాల్ వెళ్ళే దారిలో, చెరకు తోటల మధ్య చిన్న మిట్ట మీద ఉంటుంది చర్చి. నూరేళ్ళ కిందట ఇక్కడికి వచ్చిన తోటల యజమానులు ఇంగ్లండులోని తమ ఊరి చర్చి బొమ్మ గీయించి తెప్పించుకుని, అచ్చం అలాగే కట్టించారు. ఆ ఊళ్ళో చర్చి ఏడు వందల ఏళ్ళనాటిది. అక్కడ మంచు జారిపోవడానికి పైకప్పు ఏటవాలుగా ఉంటుంది. ఎన్నడూ మంచు పడని ఈ సముద్రతీరంలోనూ అంతే ఏటవాలు. అక్కడ రాయి. ఇక్కడ రాయి దొరక్క ఇటుకతో కట్టి, పైన సున్నం పూసి, రాళ్ళు పేర్చినట్టు గీతలు గీశారు. అక్కడ సూర్యుడు ఎప్పుడూ దక్షిణపు ఆకాశంలోనే నడుస్తాడు కనక ఆ వైపు పొడుగాటి, మొనదేలిన కిటికీలు పెట్టి, చలిగాలి కొట్టే ఉత్తరాన్ని గోడతో మూసేశారు. ఇక్కడా కిటికీలన్నీ దక్షిణానికే. భూమధ్యరేఖకి దిగువనున్న ఇక్కడ సూర్యుడు నడిచేది మాత్రం ఉత్తరం మీదుగా. నూరేళ్ళుగా ఎండ వచ్చి ఈ గుడ్డిగోడకి తగిలి పోతోంది. కిటికీలు నీడని చూస్తున్నాయి.

ఇందులో నవ్వడానికి ఏమీ లేదని అతనికి తెలుసు. కిందటేడు హైదరాబాదునుంచి ఇక్కడి ఉద్యోగానికి వచ్చిన కొత్తలో తనూ దక్షిణపు కిటికీ ఉన్న గది ఏరి మరీ అద్దెకి తీసుకున్నాడు. చలికాలంలో ఎండ పడుతుందని లెక్క వేసుకున్నాడు. ఆరేసిన చొక్కాలు మూడో రోజుకి కూడా ఆరకపోతే గాలిలో తేమ అనుకున్నాడు గాని, దిక్కు సంగతి తట్టలేదు. భూగోళం తెలియక కాదు. మనిషి దేశం మారినా తన సూర్యుణ్ణి వెంట తెచ్చుకుంటాడు. ఆ సూర్యుడు కళ్ళెదుటి సూర్యుడికంటే నిజంగా కనిపిస్తాడు.

"ఏటి బాబూ, గోడ ఏటంటాది?"

అడిగింది సావీ. చర్చి పెద్దల్లో ఆమె ఒకర్తి. బడిలో పాఠాలు చెప్పి రిటైరైంది. ఆమె తాత మల్లయ్య విశాఖపట్నం వైపునుంచి చెరకు కొట్టడానికి వచ్చి, ఇక్కడే బాప్తిస్మం తీసుకున్నాడు. అతని పేరే ఇప్పుడు ఆ కుటుంబానికి ఇంటిపేరు. సావీ తెలుగు ఆమె అవ్వ దగ్గర విన్నంత మేరకే. మాట్లాడేందుకు మనిషి దొరికాడని ఆదిశేషయ్యతో అదే మాట్లాడుతుంది.

"గోడ గట్టిగానే ఉంది సావీగారూ. రెండు కిటికీలు పెట్టినా నిలబడుతుంది."

"గారు ఏటి మ్యాన్? అక్కా అను. గారు అంటే స్కూల్‌కి ఇన్‌స్పెక్టర్ వచ్చినట్టుంది." శాలువా మెడకి చుట్టుకుంది. "నిలబడ్తాది, ఓకే. పెట్టమంటావా, వద్దంటావా?"

"అది మీరే నిర్ణయించుకోవాలి."

"అదో! మా డాక్టర్ కూడా సేమ్. ఆపరేషన్ చేస్తే మంచిది, చెయ్యకపోయినా మంచిది. అలాంటప్పుడు ఆయనెందుకు, నేనే చెప్పుకుంటాను కదా!"

బలిపీఠం మెట్టు దగ్గర నిలబడ్డ డెన్నిస్‌కి భాష అర్థం కాకపోయినా సంగతి అర్థమైంది. పాత కట్టడాలు కాపాడే సంఘం తరపున వచ్చాడు. ఆయన ముత్తాత ఈ చర్చి కట్టించినవాళ్ళలో ఒకడు. ఆయన ఇంగ్లీషులో, నెమ్మదిగా, క్షమాపణ అడుగుతున్నట్టు మాట్లాడతాడు.

"ఇంగ్లండులో ఆ ఊరి చర్చి నేను చూసి వచ్చాను. అక్కడ ఉత్తరపు గోడకి చిన్న తలుపు ఒక్కటే ఉంటుంది. బిడ్డకి బాప్తిస్మం ఇచ్చేటప్పుడు దెయ్యం బయటికి పోవాలని దాన్ని తెరిచేవారట. ఆ దిక్కున సమాధులు తవ్వడానికి కూడా జనం ఇష్టపడేవారు కాదట."

"మీకు ఉత్తరం దెయ్యానిదా?" అంది సావీ, ఈసారి ఇంగ్లీషులో. "మా అవ్వకి దక్షిణం యముడిది. ఇంక దేవుడు ఏ పక్క కూర్చోవాలి, డెన్నిస్?"

డెన్నిస్ నవ్వాడు. నవ్వు త్వరగా అయిపోయింది. "ఇక్కడ గోడ కొట్టి కిటికీ పెడితే ఇది ఇక ఆ చర్చి కాదు, సావీ."

"ఎప్పుడైంది గనక? అక్కడ మంచు పడుతుంది. ఇక్కడ కోతకి ముందు చెరకు తగలబెట్టిన మసి పడుతుంది. తాళం వేస్తే నువ్వు వచ్చి ఫొటో తీసుకుని పోతావు. నేను ఆదివారం ఎక్కడికి పోవాలి? అంత దూరం టోంగాట్ ఊరికా, ఈ మోకాళ్ళతో?"

డెన్నిస్ ఆదిశేషయ్య వైపు తిరిగాడు. "మీరు చెప్పండి. వద్దని నేనంటే మా తెల్లవాళ్ళ ముచ్చట అంటారు వీళ్ళు. కావాలని ఆమె అంటే, కొత్త ప్రభుత్వం వచ్చాక అన్నీ పగలగొడుతున్నారంటారు మావాళ్ళు. మీకు ఇందులో ఏ పక్షమూ లేదు. మీరేమన్నా మా సంఘం ఒప్పుకుంటుంది."

ఏ పక్షమూ లేదు. ఇక్కడికి వచ్చాక ఈ మాట అతను చాలాసార్లు విన్నాడు. తెల్లవాళ్ళతో పాటు అందరూ ఓటేసిన మొదటి ఎన్నికలయ్యి రెండేళ్ళయింది. ప్రతి ఆఫీసులోనూ ఏ పక్షమూ లేని మనిషి కోసం వెతుకుతున్నారు. తనలో అది గుణం కాదని అతనికి తెలుసు. చిన్నప్పుడు అమ్మా నాన్నా నెలల తరబడి మాట్లాడుకోకపోతే, ఒకరి మాట ఇంకొకరికి మోసుకెళ్ళేవాడు, అందులో తన మాట ఒక్కటీ కలపకుండా. అలా మోస్తే ఇద్దరూ కోప్పడరు. ఆ పనే తర్వాత ఉద్యోగమైంది. భారం ఎంత, గోడ ఎంత మోస్తుంది, వీలవుతుందా కాదా. వీలవుతుంది అనే మాట చాటున ఇన్నేళ్ళూ హాయిగానే గడిచింది.

పెట్టిన కిటికీ మీద పేరు ఉండిపోతుంది, ఫలానా వాడు పెట్టించాడని. పెట్టని కిటికీకి అలాంటి బాధ లేదు. చర్చికి తాళం పడితే దాన్ని వేసింది బిషప్ ఆఫీసు, తెచ్చింది చెమ్మ. తను ఎక్కడా కనిపించడు. ఎక్కడా కనిపించకపోవడాన్నే న్యాయం అనుకుంటూ వచ్చానా, అని మొదటిసారి తోచింది. తోచినా మనసు పెద్దగా కదల్లేదు. ఎవరిదో నివేదిక చదువుతున్నట్టే ఉంది.

సావీ వెళ్ళి దక్షిణపు గోడ పక్కన, చివరి బల్ల మీద కూర్చుంది. ఆ గోడ నల్లగా నెమ్ము ఎక్కి ఉంది.

"ఇటు రా, అక్కడ తడి," అన్నాడు డెన్నిస్.

"అలవాటు. మా తాతకి తెల్లవాళ్ళ వెనక ఈ బల్లే ఇచ్చారు. ఇప్పుడు ఎక్కడైనా కూర్చోవచ్చు, తెలుసు. కాళ్ళకి తెలియదు." దగ్గింది. దగ్గు తగ్గాక తెలుగులో అంది: "బాబూ, టైమ్ తీసుకో. కానీ చెప్పకుండా పోవొద్దు. అందరూ అలాగే పోతారు."

తన జవాబేమిటో తనకి ముందే తెలుసని ఆదిశేషయ్యకి అప్పుడు తెలిసింది. ఆలోచిస్తున్నాననుకున్నది ఆలోచన కాదు, ఆలస్యం. గోడ కొలిచేటప్పుడే కిటికీ చోటు చూసి పెట్టుకున్నాడు: పైకప్పు దూలాల బరువు దిగని చోటు, బలిపీఠానికి కొంచెం ఇవతల. అక్కడినుంచి మధ్యాహ్నపు ఎండ నేల మీదుగా ఏ బల్లల దాకా పాకుతుందో కూడా చూసుకున్నాడు. అది ఎవరూ అడగని లెక్క.

డెన్నిస్ ఎదురుచూస్తున్నాడు. ఆయన ముఖంలో పట్టుదల లేదు. ముత్తాత తప్పుని తన నోటితో చెప్పలేక, ఇంకొకరు చెబితే వినడానికి వచ్చిన మనిషిలా ఉన్నాడు.

ఆదిశేషయ్య గోడ వెంట నడిచి, కిటికీకి చూసి పెట్టుకున్న చోట ఆగాడు. జేబులోంచి పెన్సిలు తీశాడు. మొదట పెట్టినప్పుడు ములుకు మెత్తబడ్డ సున్నంలో దిగబడి, చిన్న పెచ్చు రాలింది. కాస్త పక్కకి జరిగి, గట్టి చోటు చూసుకుని, తల ఎత్తునుంచి నడుం దాకా నిలువుగా ఒక గీత గీశాడు.