చుట్టకుదురు

ఆసుపత్రి వెయిటింగు హాల్లో తమ్ముడు మైకు వైరు చుట్ట విప్పబోతుంటే అక్క చేయి అడ్డం పెట్టింది. రోగుల మధ్య వీణ అరవకూడదట. మోత గొణుక్కుంటూ వైరు మళ్ళీ చుట్టేశాడు.

మైకుల పని చేసే అతన్ని అందరూ మోత అనే పిలుస్తారు. సభ ఏదైనా గూబ గుయ్యిమనిపించాల్సిందే. అలాంటివాడి అక్క వాయిస్తే పక్క కుర్చీకి వినపడదు! బావ పోయాక ఆమె తమ్ముడింటికి వచ్చేసింది. ఊరికే కూర్చుని తినలేనంటే అతనే తెలిసినచోటల్లా అడిగి కచేరీలు కుదిర్చాడు. ఇప్పుడు వాటికి తనే సిగ్గుపడుతున్నాడు.

అక్క వీణ ఒరగకుండా కింద గుండ్రటి గుడ్డ చుట్టకుదురు సర్దింది. అతని పాత చొక్కాతో కుట్టింది. గుండీ ఒకటి ఇంకా దానికే ఉంది. కాసేపు వాయించాక, కాలికి కట్టుతో ఉన్న ముసలాయన "మొదలెట్టారా?" అని అడిగాడు. నలుగురూ నవ్వారు. మోత గోడవైపు తిరిగి, పాడవని ప్లగ్గును బాగుచేస్తున్నట్టు నిలబడ్డాడు.

మధ్యాహ్నం గ్రంథాలయంలో ఒక్కరూ తలెత్తలేదు. మా ఫ్యాను కంటే నయమమ్మా, చప్పుడే లేదు అని అక్కడి ఉద్యోగి మెచ్చుకున్నాడు. అక్క హాయిగా నవ్వింది. మోతకు మాత్రం ప్రాణం చచ్చిపోయింది.

సాయంత్రం ఎవరిదో పదవీ విరమణ సభ. ఏడాది పొడవునా తనకు పనిచ్చే హాలు యజమాని ముందు పరువు దక్కాలని బతిమాలితే, అక్క మైకుకు ఒప్పుకుంది. అయినా వెనక వరసల్లో కబుర్లు ఆగలేదు. యజమాని విసుగ్గా మోత బల్ల దగ్గరికి వచ్చాడు.

"ఎవరయ్యా ఈవిడ? మీ అక్కటగా?"

"అబ్బే, నాకేం కాదండీ. ఎవరో పంపితే వచ్చింది."

ఆ మాటలే రెండు స్పీకర్లలోంచీ దద్దరిల్లాయి. తన బల్ల మీది, పేర్లు చదివే మైకు కట్టేయడం మరిచాడు.

హాలంతా నిశ్శబ్దమైంది. తీగల మీద అక్క వేళ్ళు ఆగాయి. ఆమె ఇటు చూడలేదు. మోత ప్లగ్గులన్నీ లాగేశాడు. ఆమె మళ్ళీ అందుకుంది. మైకు లేకుండానే వీణ చివరి వరస దాకా వినిపించింది. జనం కదలకుండా విన్నారు. అతనికి తల కొట్టేసినట్టయింది. ఒక్క స్వరమూ చెవికెక్కలేదు.

సభ అయ్యాక దగ్గరికి వెళ్ళాడు. ఆమె వీణను పెట్టెలో పెడుతూ అంది:

"నీ మైకు బాగా పలికిందిరా."

"అక్కా, అదీ..."

"నా శిష్యురాలు ఎప్పట్నుంచో రమ్మంటోంది. ఇటునుంచిటే వెళ్తాను. బట్టలు తర్వాత పంపించు."

బస్సు దాకా పెట్టె అతనే మోశాడు. మెట్టు దగ్గర ఇటివ్వు అని ఆమె తీసుకుంది. కిటికీ పక్కన కూర్చుంది. బస్సు కదిలింది.

వైర్లు చుట్టడానికి తిరిగి హాల్లోకి వచ్చాడు. కుర్చీలు అప్పటికే ఎత్తేశారు. వేదిక మీద చుట్టకుదురు అలాగే ఉంది, వీణ కుదురుకున్న గుంట పూడకుండా, అతని చొక్కా గుండీ పైకి తేలి.