మైనం కప్పిన మచ్చ

నేను ఒక రేకు డబ్బాను. నా కడుపులో ఉన్నది కార్లకు పూసే మైనం. ఎక్కడో తాటిజాతి చెట్టు ఆకుల మీద పేరుకున్న దాన్ని గీరి తెచ్చి, నూనెలతో కరిగించి, ఒక ఫ్యాక్టరీలో నాలో పోశారు. గట్టిపడ్డాక లారీ ఎక్కించారు. చివరికి గాజువాకలో జగ్గారావు కార్ల షెడ్డులో ఒక అలమరకు చేరాను.

నా పక్కన అచ్చం నాలాంటి డబ్బాలోనే పాలిష్ ఉండేది. మనుషులకు మేమిద్దరం ఒకటే. నిజానికి పాలిష్ రంగును సన్నగా అరగదీసి గీతలు పోగొడుతుంది. నేను దేన్నీ తీయను. పైన పొరలా కూర్చుని ఎండనూ ఉప్పుగాలినీ ఆపుతాను. ఉన్న మచ్చను కొన్నాళ్లు దాచడం కూడా నాకు చేతనవును. చాలామంది నన్ను కొనేది అందుకే.

మమ్మల్ని వాడేది సన్యాసిరావు. వయసు యాభై ఎనిమిది, అందులో ముప్పై ఏళ్లు కార్లు తుడవడంలోనే గడిచాయి. వారం తిరగకముందే నాకు ఒక సంగతి తెలిసిపోయింది. అతనికి చూపు సరిగా ఆనదు. నా మీద పేరు ఎన్నడూ చదవలేదు. మూత తీసి, వాసన చూసి గుర్తుపట్టేవాడు. కారు మీద అరచెయ్యి ఆనించి ఎక్కడ గరుకుందో చెప్పేవాడు. అందరూ అది పనితనం అనుకున్నారు. అతను అలాగే అనుకోనిచ్చాడు. అసలు సంగతి తెలిస్తే పని పోతుందని భయం.

ఒకరోజు హైమవతి అనే కాలేజీ లెక్చరర్ తన కారుకు మైనం పూయమని ఇచ్చి వెళ్లింది. ఆ రోజు సన్యాసిరావుకు జలుబు. ముక్కు దిబ్బడేసి ఉంది. అలమరలో తడిమి, నన్ను దాటి, పక్క డబ్బా తీసుకున్నాడు. మిషన్‌కు స్పాంజి తగిలించి బానెట్ అంచున గట్టిగా తిప్పాడు. నేను చూస్తూనే ఉన్నాను. నాకు మూత ఉంది గాని, మాట లేదు.

తుడిచి అరచెయ్యి ఆనించగానే అతను ఆగిపోయాడు. పై మెరుపు పొర అరిగిపోయి, రంగు సుద్దలా చేతికి తగిలింది. అప్పుడు నన్ను వెతికి తీశాడు. మందంగా పూసి, ఆరాక తుడిచాడు. మచ్చ దాదాపు మాయమైంది.

సాయంత్రం హైమవతి వచ్చి, "కొత్తదానిలా ఉందండీ," అంటూ తాళంచెవి అందుకుంది. సన్యాసిరావు మడిచిన గుడ్డనే మళ్లీ మడిచాడు.

"అమ్మగారూ, నాను తప్పు డబ్బా అట్టుకున్నాను. బానెట్ మీద రంగు అరగ్గొట్టేసినాను. పైన మైనం రాసి కప్పెట్టినాను. నాలుగు వానలు పడితే బయటపడిపోద్ది."

జగ్గారావు దగ్గరికొచ్చాడు. "ముప్పయ్యేళ్ల చెయ్యి నీది. డబ్బా తేడా తెలీలేదా బాబాయ్?"

"కనపడ్డం లేదు జగ్గూ. రెండేళ్లయింది."

హైమవతి ముఖం బిగుసుకుంది. "రంగు మాత్రం మీరే వేయించి ఇవ్వాలి," అంది జగ్గారావుతో. అతను తలూపాడు. తర్వాత ఆమె సన్యాసిరావు వైపు తిరిగింది. "మా అమ్మ కూడా శుక్లాలు ఇలాగే దాచింది. ఒక పెళ్లిలో నన్నే పట్టుకుని, ఎవరమ్మా నువ్వు అని అడిగింది. రేపు పొద్దున్నే తయారుగా ఉండండి, ఆసుపత్రికి తీసుకెళ్తాను."

పనిలోంచి తీసేస్తారనే సన్యాసిరావు అనుకున్నాడు. జగ్గారావు ఆ మాటే ఎత్తలేదు. మిషన్ మాత్రం ముట్టనివ్వలేదు. పాలిష్ డబ్బాకు ఎర్ర రబ్బరు బ్యాండు చుట్టి పైఅరలో పెట్టాడు. మనుషులు చెప్పవలసింది నోటితో చెప్పకుండా ఇలాంటి పనులతో సరిపెడతారు.

ఆపరేషన్ అయిన నెలకు సన్యాసిరావు షెడ్డుకు వచ్చాడు. బానెట్‌కు రంగు వేయించుకున్న హైమవతి కారు మైనం కోసం అక్కడే నిలబడి ఉంది. అతను నల్ల కళ్లద్దాలు తీశాడు.

"ఇదేటి జగ్గూ, ఈ కారు ఆకుపచ్చ కదా?"

"ఎప్పుడూ నీలమే బాబాయ్."

అతను నా మూత తీశాడు. నా అడుగున మిగిలింది గీరి బానెట్‌కు పూయడం మొదలుపెట్టాడు. సగంలో చెయ్యి ఆగింది. ఖాళీ అయిన నన్ను పట్టుకునే, ఆ నీలాన్ని చూస్తూ అలాగే నిలబడిపోయాడు.