జనవరిలో అందరికీ నయం

బ్యూనస్ ఎయిర్స్‌లో జనవరి ఆఖరి వారానికల్లా అందరికీ నయమైపోతుంది. ఫిబ్రవరి నెలంతా మనసు డాక్టర్లు సముద్రపు ఒడ్డున సెలవులో ఉంటారు. వెళ్లే ముందు వాళ్ల మనసు పాడుచేయడం మర్యాద కాదని ఊరందరి అభిప్రాయం. కావాలంటే మార్చిలో మళ్లీ జబ్బు పడొచ్చు.

నేలిదా మాత్రం ఆ రోజు నిజం చెప్పేద్దామని బయల్దేరింది. కిందటేడు ఆమె ఎక్కిన బస్సు అదుపు తప్పి బేకరీలోకి దూసుకుపోయింది. అప్పటి నుంచి బస్సు చప్పుడు వినబడితే చాలు, దగ్గర్లో ఉన్న ఏదో ఒక గుమ్మంలోకి దూరిపోతుంది. ఏడాదిగా వైద్యం చేయించుకుంటోంది గానీ, ఒక ముక్క దాచి ఉంచింది.

“ఇవాళ నిజం చెప్పేస్తారా ఏంటి, సెన్యోరా?” ఆ సంగతి వినగానే, వాళ్ల బిల్డింగ్ గుమ్మం కడుగుతున్న వాచ్‌మన్ ఒస్వాల్దో కంగారుపడ్డాడు. “పాపం, మీ డాక్టరమ్మ పెట్టె సర్దుకుని రైలుకి సిద్ధంగా ఉంటుంది! మా అమ్మని క్షమించేశానని మా డాక్టరుకి నిన్ననే చెప్పా. ఎంత మురిసిపోయాడో!”

“నిజంగా క్షమించావా?”

“మీరు మరీనూ. మార్చి రానివ్వండి.”

డాక్టర్ ఇరుపే అప్పటికే గడ్డి టోపీ పెట్టుకుని కూర్చుంది. మాతే ఆకు టీ వేసిన సొరకాయ బుర్రలో వేడినీళ్లు పోసి, పీల్చే గొట్టం నేలిదా వైపు తిప్పి అందించింది.

“ఎలా ఉన్నారు?”

“బ్రహ్మాండంగా ఉన్నాను,” నాలుక అలవాటు కొద్దీ అనేసింది. వెంటనే నేలిదాకి తన మీద తనకే ఒళ్లు మండింది. “అబద్ధం. డాక్టర్, ఆ రోజు బస్సు ఆగగానే నేను నవ్వాను.”

“నవ్వారా?”

“పెళ్లి కేకు డ్రైవరు నెత్తి మీద పడింది, పైనున్న బొమ్మ పెళ్లికొడుకుతో సహా. ఆపుకోలేకపోయాను. పక్కనావిడ నా చెయ్యి పట్టుకునే ఉంది. నేను నవ్వుతూనే ఉన్నాను. నవ్వయ్యాక చూస్తే ఆవిడ ప్రాణం పోయింది. చెయ్యి మాత్రం నా చేతిలోనే ఉంది.”

డాక్టర్ టోపీ తీసి పక్కన పెట్టింది.

“ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు?”

“మీరు నన్ను మంచిదాన్ననుకుంటున్నారుగా.”

“మరైతే ఏడాదిగా నేను ఎవరికి వైద్యం చేస్తున్నట్టు?”

“ఇక్కడికొచ్చి ఏడ్చే మంచావిడ ఎవరో ఉంది, ఆవిడకి. నాకూ ఆవిడంటే ఇష్టమే.”

డాక్టరుకి ఫక్కున నవ్వొచ్చింది. చటుక్కున నోరు మూసుకుంది.

“క్షమించండి. ఒక్కోసారి భయం ఇలాగే బయటపడుతుంది, నేలిదా. అంతమాత్రాన మీరు చెడ్డవాళ్లు కారు. నిజం చెప్పాలంటే, సెలవుల ముందు నిజం చెప్పిన పేషెంటుని ఇప్పుడే చూస్తున్నా. ఏం చెయ్యాలో తోచడం లేదు.”

“మీ రైలు…”

“పోతే పోనివ్వండి. మొదట్నుంచి చెప్పండి. ఈసారి నవ్వు కూడా వదలకుండా.”

నేలిదా మొదలుపెట్టింది. కేకు దగ్గర ఇద్దరూ నవ్వారు. ఆ చెయ్యి దగ్గరికి వచ్చేసరికి నేలిదా ఆగిపోయింది. డాక్టర్ ఓదార్పుగా చెయ్యి చాచింది.

మామూలుగా అయితే, కాదంటే ఆవిడ నొచ్చుకుంటుందని, నేలిదా ఆ చెయ్యి అందుకునేదే.

“వద్దు,” అంది. “పట్టుకోకండి. నాకిప్పుడు చాలా భయంగా ఉంది.”

“అలాగే,” అంది డాక్టర్. చెయ్యి ఒళ్లో పెట్టుకుని, ఎదురు చూస్తూ కూర్చుంది.