నా భయాన్ని కాపీ కొట్టారు

రేడియాలజీలో పీజీ చేస్తున్న గుణశేఖర్ సార్ సోమవారం మా ఫస్టియర్ ఎంబీబీఎస్ క్లాసుకి వచ్చి నూట యాభై ఫారాలు పంచారు. ఎక్స్‌రేలు, స్కాన్లు ఏఐ చదివేసే రోజులొస్తే మెడికల్ స్టూడెంట్లు ఏమనుకుంటున్నారన్నది ఆయన థీసిస్.

"ఇందులో తప్పొప్పులు లేవు. మీకు అనిపించింది రాయండి చాలు. పేర్లు కూడా అక్కర్లేదు" అన్నారు.

మా బ్యాచ్‌లో ఆ మాట ఎవరూ నమ్మలేదు. కాలేజీలో కాగితం ఇచ్చారంటే మార్కులుంటాయి. మార్కులున్నాయంటే ఎక్కడో కీ ఉంటుంది.

నేనొక్కదాన్నే నమ్మాను. హాస్టల్లో కూర్చుని నిజం రాశాను. చివరి ప్రశ్న, మీరు రేడియాలజీ తీసుకుంటారా, ఎందుకు అని.

"తీసుకుంటాను. నేను సబ్బవరం దగ్గర పల్లెటూరి స్కూల్లో చదివిన ఆడపిల్లని. నోరు తెరిస్తే నా యాసకి నవ్వుతారని భయం. ఆడవాళ్ల ఫ్రీ బస్సులో కండక్టరు ఎక్కడికని అడక్కముందే ఆధార్ కార్డు మీద ఊరి పేరు వేలితో చూపిస్తాను. రేడియాలజీ అయితే చీకటి గది, ఫిల్ములు, నేను. ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు. ఆ ఒక్క గదీ ఏఐ లాక్కుంటే నేనెక్కడికి పోవాలి?"

నేను స్నానం చేసి వచ్చేలోగా నా రూమ్మేట్ రోజారమణి ఆ ఫారం ఫొటో తీసి బ్యాచ్ గ్రూపులో పెట్టేసింది. నా ల్యాబ్ రికార్డులు కూడా అందరూ చూసి రాసుకోడానికి అలాగే పెడుతుంది.

"ఏటే ఇది?" అన్నాను.

"నీ రైటింగు నీటుగా ఉంటాదే. అందరూ అడుగుతన్నారు. పేరు లేదు కదా, ఏటవుతాది?"

శుక్రవారం గుణశేఖర్ సార్ ఫారాల కట్ట పట్టుకుని వచ్చారు. మొహం ఎండిపోయి ఉంది.

"ఏడుగురు ఖాళీగా ఇచ్చారు. వాళ్లకి నా నమస్కారం. మిగిలిన నూట నలభై ముగ్గురూ చీకటి గదిలో కూర్చుంటారంట. అందరూ సబ్బవరం దగ్గర పల్లెటూరి ఆడపిల్లలేనంట. అందులో సగం మంది ఫారం పైన మగ అని టిక్కు పెట్టి మరీ రాశారు."

క్లాసు ఘొల్లుమంది.

"మా గైడ్ మేడమ్ ఈ కట్ట నా మొహాన కొట్టారు. ఇందులో ఒక్కటే నిజం. అదెవరిదో చెప్తే ఉంచుతాను. లేదంటే అన్నీ చింపేస్తాను."

రోజారమణి మోచేత్తో పొడిచింది. నేను బెంచీ కింద పెన్ను వెతుకుతున్నట్టు వంగాను. పెన్ను చేతిలోనే ఉంది.

వెనక బెంచీలోంచి శివరామకృష్ణ లేచాడు. ఫిషింగ్ హార్బర్లో వేలం పాటకి సరిపోయే గొంతు. అడ్మిషన్ రోజు నుంచి ఒక్క పూట ఆగింది లేదు.

"నాదే సార్. మాటాడాలంటే నాకు సచ్చేంత సిగ్గు."

"నువ్వు ఆడపిల్లవా?"

"సిగ్గేత్తంది సార్, అడక్కండి."

బెంచీలు దద్దరిల్లాయి. సార్ కట్టలోంచి గుప్పెడు ఫారాలు తీసి చింపబోయారు.

నాకు భయం కంటే ముందు కోపం వచ్చింది. ఎన్నేళ్లుగానో మోస్తున్న భయం నాది. దాన్ని వేషంలా వేసుకుని నవ్వించడానికి వీడెవడు?

"అది నాది సార్! నాను రాసినాను!"

నేను అనబోయి నాను అన్నానని తెలిసేసరికి లేచి నిలబడే ఉన్నాను. ఎవరో కిసుక్కుమన్నారు. సార్ నవ్వలేదు.

"చీకటి గదిలో మాట్లాడక్కర్లేదని నీకెవరు చెప్పారమ్మా? రోజుకి నలభై ఫోన్లొస్తాయి. రిపోర్టేదీ, రిపోర్టేదీ అని సర్జన్లు తిడతారు. ఏఐ ఫిల్ము చూసేసి హాయిగా కూర్చుంటుంది. తిట్లన్నీ నాకు."

"అయితే ఫోన్లు ఏఐకి ఇచ్చీండి సార్. ఫిల్ములు నాకిచ్చీండి."

"సర్జన్లు దాన్ని కూడా తిడతారు."

"తిట్టనీండి సార్. దానికి సిగ్గేటుంటాది?"

క్లాసంతా విరగబడి నవ్వింది. అందరికన్నా గట్టిగా సారే నవ్వారు. నన్ను పిలిచి నా ఫారం ఏదో తీసిమ్మన్నారు. తీసి ఇచ్చాను. ఇప్పుడన్న మాట కూడా కింద రాయమన్నారు. రాశాను. మిగతావన్నీ ఆయన నా ముందే చింపేశారు.

"ఒకటి దొరికింది" అన్నారు క్లాసు వైపు తిరిగి. "ఇంకా నూట నలభై తొమ్మిది కావాలి. శివరామకృష్ణా, నీతోనే మొదలు. నీకు నిజంగా దేనికి భయం?"

శివరామకృష్ణ బెంచీ కింద పెన్ను వెతుకుతున్నట్టు వంగాడు.