రాగికొండ నీరు

నిదాఘతాపమున నెఱ్ఱవాఱిన పల్నాటి నేలపై ఆషాఢమేఘములు నీడలు పఱచుటయే కాని చినుకు విడువక పడమటిగాలి వెంట తరలిపోవుచుండిన దినములవి. నాపరాతి తిప్పలు పెనములవలె కాగుచుండెను. తుమ్మల నీడలను మేకలమందలు మూతులు నేల కానించి వగర్చుచుండెను. అపరాహ్ణాతపమున తామ్రకలశమువలె ధగధగలాడు రాగికొండ చఱియలనుండి దిగివచ్చి సికతాతలముల నడుమ సన్నని పాయయై మొగలిపొదల మాటున నొదిగి యొదిగి పాఱు గోరువంకవాగు మాత్రమే యా తప్తభూమికి చల్లని శ్వాసవలె మిగిలియుండెను.

ఆ వాగునకు ఎడమగట్టున వెలమగుంట యను గ్రామమును కొంత దిగువను కుడిగట్టున మాలపల్లెయు నుండెను. గ్రామమునందలి బావులన్నియు చవుటినీటివి. ఊరివా రెల్లరును త్రాగు మంచినీటిబావి యొక్కటియే కాగా నది మేకల బసివిరెడ్డి యను భూస్వామియొక్క పాలమడి యను పల్లపుమాగాణి నడుమ నుండెను. పాలమడి వడ్లవంటి వడ్లును పాలమడి బావినీటివంటి నీరును మఱి యే పొలమునను లేవని చుట్టుపట్ల ప్రతీతి. మాలపల్లెవా రా బావి దరిజేరుట కానాటి యాచారము సమ్మతింపలేదు గనుక వారు వాగులోని యిసుకను చేతులతో తోడి చెలమలు చేసికొని యందూరిన నీటిని ముంతలతో ముంచుకొని జీవించుచుండిరి.

బసివిరెడ్డి యేబదియేండ్లు దాటినవాడు. విశాలవక్షుడు. మితభాషి. వరదలో చిక్కిన యెద్దులను ఈది గట్టు చేర్చినవాడనియు దారిదోపిడికాండ్రను ఒంటికఱ్ఱతో తఱిమినవాడనియు జనులు వాని ధైర్యమును గూర్చి చెప్పుకొనుచుందురు. అట్టివాని హృదయమున భయము చోటు చేసికొన్న విధ మిది.

చెన్నపట్టణపు కంపెనీ యొకటి రాగికొండను గుత్తకు గొని గనులు త్రవ్వనారంభించెను. గని లోతైన కొలదియు పాతాళమునుండి నీ రుబికివచ్చుచుండగా దానిని ఆవిరియంత్రముచే పైకి తోడి వాగులోనికి వదలుచుండిరి. మొదట దాని నెవ్వరును లెక్కసేయరైరి. ఒకనాటి యుదయమున బసివిరెడ్డి కాళ్లు కడుగుకొనుటకై వాగున దిగి చూచునప్పటికి రాళ్లపై చింతపండు పులుసువంటి యెఱ్ఱని తెట్టు పేరుకొని యుండెను. ఒడ్డునంటిన నురుగు నందు మైలుతుత్తపు నీలిరంగు తళుక్కుమనుచుండెను. చేపపిల్లలు తెల్లని పొట్టలు పైకి త్రిప్పి మొగలివేళ్ల సందున గుంపులుగా తేలుచుండెను. కప్ప యొక్కటియు కూయలేదు. కొంగ యొక్కటియు వాలలేదు. అతడు వేలు ముంచి నాలుక కంటించుకొనెను. ఆ పులుపు గొంతుదాక ప్రాకి యచ్చటనే నిలిచిపోయెను. సంవత్సరములకొలది తన వారినందఱిని పోషించిన యా వాగు తనను చూచి పండ్లు గిటకరించినట్లయి యతడు మొట్టమొదటిసారి తన నీటికి తాను జంకి వెనుకకు నడచెను.

ఆ మధ్యాహ్నమే మాలపల్లె పెద్దయగు యోహాను బసివిరెడ్డి వాకిటికి వచ్చి దూరమున నిలిచెను.

"అయ్యా! మా చెలమలు పులియుచున్నవి. బిడ్డలు త్రాగినది త్రాగినట్లు కక్కుచున్నారు. ఏమి చేయుదుమో తోచకున్నది."

బసివిరెడ్డి మనస్సున తోచినది బిడ్డలు కాదు. పాలమడి. వాగు పొంగినయెడల నా నీరు తన మడికిని ఎక్కును గదా యని యతడు తలపోసెను. ఆ తలపునకు తానే కొంత నొచ్చుకొని "రేపు గనికి పోయి దొరతో మాటలాడెదను. అంతవఱకు గనినీరు కలియని పైపాయయందు చెలమలు తోడుకొనుడు" అని చెప్పి పంపెను.

గని యధికారి పార్థసారథినాయుడు చదువరి. మర్యాద యెఱిగినవాడు. కుర్చీ వేయించి మజ్జిగ తెప్పించి యంతయు శ్రద్ధగా వినెను.

"రెడ్డిగారూ! మీ మాట న్యాయమైనది. నీటిని వాగునకు వదలుట మాన్పించెదను. కొండభుజముపై కట్ట పోయించి మడుగు చేసి యందు నిలువయుంచెదము. ఎండకు నీరు ఇంకిపోవును. మీరు నిశ్చింతగా నుండవచ్చును."

ఆడినమాట యతడు తప్పలేదు. మన్నుకట్ట లేచెను. గనినీరు మడుగున చేరెను. పైవాన యొకటి కురిసి వాగు కడుగుకొనిపోగా కొలది దినములలో చెలమలు మరల తియ్యనయ్యెను. యోహాను వచ్చి చేతులు జోడించి పోయెను. ఊరివారు బసివిరెడ్డి పలుకుబడిని కొనియాడిరి. కాని యతని నిద్ర మాత్రము చెడెను. ఇంతకాలము దినదినము కొంచెముగా పాఱిపోయిన విషము ఇప్పు డొక్కచోట గుమికూడి తమ యందఱి నెత్తిపై నిలిచినదను తలపు వానిని వదలదయ్యెను. ప్రతిసాయంకాలమును అతడు కొండ యెక్కి యా మడుగు నొడ్డున కూర్చుండువాడు. గాలి వీచినను బరువుగా కదలు నా తామ్రవర్ణజలమున నాకాశము కూడ తుప్పుపట్టినట్లు కనబడుచుండెను. కట్టకు కుడివైపున వాగులోనికి దిగు లోయ. ఎడమవైపున పాలమడిలోనికి దిగు గండి. నడుమ మన్నుకట్ట. ఇంటికి వచ్చి యన్నమునకు కూర్చున్నను సగము విస్తరిలోనే విడిచి లేచువాడు.

"కట్ట గట్టిదే కదా, ఏల యిట్లు కృశించుచున్నారు?" అని భార్య యోబుళమ్మ యడుగగా "గట్టిదే. వాన రానంతవఱకు" అని యతడు బదులు చెప్పెను.

శ్రావణమున వాన వచ్చెను. కొండలు కనబడనంతటి వాన. రెండుదినములు తెఱిపి లేక కురిసి మూడవదినమున మధ్యాహ్నమునకు కొంచెము తగ్గుమొగము పట్టునప్పటికి యోహాను పరుగున వచ్చి "అయ్యా! కొండపై కట్ట చెమర్చుచున్నది" అనెను. బసివిరెడ్డి గునపము భుజమున వేసికొని వానివెంట పోవుటకు లేచెను. ఓబుళమ్మ ద్వారమున కడ్డముగా నిలిచెను గాని యాతని ముఖమును చూచి తొలగిపోయెను.

కొండపైకి చేరునప్పటికి మడుగు కట్టయంచు నంటి నిండి యుండెను. కుడివైపున వాగుముఖముగా మన్ను తడిసి ముద్దలుముద్దలుగా జాఱుచు నా సందులనుండి యెఱ్ఱని నీటిచాళ్లు నెత్తుటినరములవలె దిగుచుండెను. కూలీలు పాఱిపోయిరి. పార్థసారథినాయుడు తలపాగ తడిసి వ్రేలాడుచుండగా కట్టపై నొంటరిగా నిలిచియుండెను.

"రెడ్డిగారూ! ఈ వైపు తెగినచో వాగంతయు..." అని యతడు మాట పూర్తిచేయలేకపోయెను.

పూర్తిచేయవలసిన పనియు లేదు. ఆ యడుసు ఇసుకలో నింకినచో చెలమలు మరి యెన్నేండ్లకును పనికిరావు. పల్లెయే కాదు, దిగువ వాగునీటిపై బ్రదుకు గ్రామములన్నియు నాశనమగును. బసివిరెడ్డి యెడమవైపునకు చూచెను. గండి దిగువను నలుదెసల నెత్తైన గట్లతో గిన్నెవలె నొప్పుచు మొన్ననే నాటిన లేతయాకుతో పాలమడి వానలో పచ్చగా నవ్వుచుండెను. ఆ మడి యెంత నీటినైనను పట్టును. పట్టిన నీటిని బయటికి విడువదు.

నాయుడు వాని చూపు ననుసరించి నివ్వెఱపడి "అది మీ పొలము కదా!" అనెను.

యోహాను మెల్లగా "అయ్యా! బావి?" అనెను.

తండ్రి త్రవ్వించిన బావి యది. ఊరంతయు నమ్మిన బావి. ఒక్కక్షణము కట్ట తనంత తానే తెగిపోయినచో తన చేతిలో నేమియు లేదని చెప్పుకొని బ్రదుకవచ్చును గదా యని కూడ వానికి తోచెను. అంతలో కుడివైపున నొక పెద్ద మన్నుగడ్డ విఱిగి లోయలో పడిన చప్పుడు వినవచ్చెను.

"బావిచుట్టును ఱొమ్మెత్తు రాతియొర కలదు. నిలుచునేమో" అని యతడు గునపము నెత్తెను.

ఎడమకొనను ఇరువురును త్రవ్విరి. పిదప నాయుడును గోచి బిగించి వచ్చి చేతులతో మన్ను తోడెను. నీటికి త్రోవ దొరకినంతనే మడుగంతయు నొక్కసారిగా నటు తిరిగి గర్జించుచు నేల గీచుకొనుచు గండిలోనికి దూకగా బసివిరెడ్డి కాలిక్రింది మన్ను జాఱి యతడు నడుముదాక మునిగెను. కొట్టుకొనిపోవలసినవాడే. యోహాను వాని మణికట్టు నొడిసిపట్టి శక్తికొలది వెనుకకు లాగెను. ఎన్నడును నొండొరుల తాకియెఱుగని యా రెండు చేతులును కట్టపై చేరిన పిదప కూడ కొంతసేపు వదలుకొనలేదు. క్రింద పాలమడి క్షణక్షణమును పచ్చదనము కోల్పోయి యెఱ్ఱని మడుగై విస్తరించుట చూచుచు వారు వానలో నట్లే కూర్చుండిరి.

పైరు చచ్చెను. దాని కతడు సిద్ధపడియేయుండెను. సిద్ధపడజాలనిది బావివిషయముననే. మడిలోని యెఱ్ఱనీటి నడుమ నొరమాత్రము తల యెత్తుకొని నిలిచియుండెను. ఉదయముననే యతడు మోకాలిలోతు బురదలో నడచిపోయి చేదతో తోడి తాను త్రాగినగాని యూరివారిని కడవ ముంచనిచ్చువాడు కాడు. ఊరి స్త్రీలు గట్టుపై నిలిచి వాని ముఖమునే చూచుచుందురు. అతడు తల యూపినప్పుడు గాని వారికి ఊపిరి యాడదు.

"మొదట మీరే త్రాగనేల?" అని యోబుళమ్మ కన్నీరు పెట్టెను.

"ఊరు నన్ను నమ్మినది. నీరు మంచిది కాదని చెప్పవలసినవాడను నేనే."

ఒకనా డట్లే నీరు నోటబోసికొన్న బసివిరెడ్డి మ్రింగలేక యుమిసివేసి చేదను ఒరపై బోరగిలవైచెను. ఆ పులుపే. ఆనాడు వాగున నాలుకకు తగిలిన పులుపే. గట్టుపై నున్న స్త్రీలలో నొకతె బిగ్గరగా ఏడ్చెను. అతడు తుమ్మకంప నఱకి తెచ్చి తన చేతులతోడనే బావిని కప్పెను.

మధ్యాహ్నమునకు ఊరు వాని వాకిట చేరెను. ఎంతయో మర్యాదగా మాటలాడు పెద్దలే వ్రేళ్లు చూపి కేకలు వైచిరి. "పల్లెవారి చెలమలకై మా బావిని చెఱిచితివి! మా బిడ్డల నోట మన్ను కొట్టితివి!" అనిరి. తియ్యని నీరెచ్చట నున్నదో వారి కందఱికిని తెలియును. అచ్చటికి పోదమను మాట మాత్రము ఎవ్వరి నోటను రాలేదు. ఇండ్లలో బిడ్డలు చవుటినీరు త్రాగజాలక గుక్కపట్టి యేడ్చుచుండిరి.

బసివిరెడ్డి లేచి వంటయింటిలోని యిత్తడికడవను భుజమున నెత్తుకొని నడివీధిని బయలుదేఱెను. ఓబుళమ్మ చెంగు నెత్తిని కప్పుకొని వెనుకనే నడచెను. ఏమగునో చూతమని జనులు దూరదూరముగా వెంబడించిరి. వాగు దాటి చెలమల చెంతకు చేరునప్పటికి యోహాను కోడలు సంతోషమ్మ నీరు ముంచుచుండెను. ఆమె వానిని చూచి యలవాటుచొప్పున ముంత చేతబట్టుకొని దూరముగా తొలగెను. కొండపై కట్ట నఱకునాడు కూడ కలుగని భయము వానికి అప్పుడు కలిగెను. వెనుక ఊరు చూచుచుండెను. కులము చూచుచుండెను. చచ్చిన తండ్రితాతలు కూడ గట్టుపై నిలిచి చూచుచున్నట్లుండెను. ఆ చూపుల బరువునకు వెన్ను వంగిపోవుచుండగా నతడు ఇసుకపై మోకాలూని కూర్చుండెను.

"అమ్మా! దాహముగా నున్నది."

సంతోషమ్మ ముంతను వెనుకకు దాచెను. "అయ్యా! మా చేతినీరు మీరు త్రాగినచో తరువాత మమ్ము బ్రదుకనిత్తురా?"

"మిమ్మేమైన నన్నవారు మొదట నాతో చెప్పుకొనవలయును. పోయుము తల్లీ."

అతడు దోసిలి పట్టెను. ఆమె తాకకుండునట్లు పైనుండి పోయుటచే నీటిధార యిటునటు చెదరి మోచేతులపై పడెను. అతడు త్రాగెను. ఇంకను పోయుమని దోసిలి యట్లే పట్టి యుండెను. ఆ నీరు తియ్యగా నుండెను.

గట్టుపైని జనులలో కొంద ఱుమిసి వెనుకకు మఱలిపోయిరి. వారు మరునాడును ఆ మరునాడును చవుటినీరే త్రాగిరి. కొంద ఱేండ్లకొలది బసివిరెడ్డి యింట శుభాశుభములకు రాకపోయిరి. తరువాత సర్కారువారి విచారణ జరిగి కంపెనీ రాతికట్ట కట్టించుటయు, వానలు పట్టినపుడెల్ల బసివిరెడ్డియు యోహానును కలసి కొండ యెక్కి దానిని తడవి చూచుటయు నిజమే. పాలమడి మాత్రము వారి జీవితకాలమున మరల పచ్చబడలేదు. బసివిరెడ్డి భయమును తీఱలేదు. అది యతనితోడనే ముసలిదయ్యెను. ఆపదను తప్పించుకొన్నవానికి భయము పోదు. దానిని పంచుకొను తోడు దొరకుటయే వానికి కలుగు మేలు.

అతడు చెలమనీరు త్రాగిన యానా డోబుళమ్మ భర్త తెచ్చిన యిత్తడికడవను ఎత్తి పల్లెవారి మట్టికుండల ప్రక్కన నిలిపెను. చంకను బిడ్డ నెత్తుకొన్న యొక పడుచు గట్టు దిగెను. ఆమె వెనుక మఱియొకతె. చెలమ చిన్నది. ఒక్కసారి ముంచినచో మరల నీరూఱువఱకు వేచియుండక తప్పదు. ఎవ్వరు తొందరించినను ఇసుక తొందరపడదు. కావున ఊరి స్త్రీలును పల్లె స్త్రీలును ఆ గుంటచుట్టును వంగి, మాటలాడుటకు జంకుచు, అడుగున ఊఱుచున్న నీటినే చూచుచు నిలిచియుండిరి. నీరు మెల్లమెల్లగా పైకి వచ్చి వారి ముఖములన్నిటిని తనలోనికి తీసికొనెను.