తెరిచి ఉంచిన ఫైలు

ఆఫీసుకు కొత్త కంప్యూటర్లు కొందామని ఓనరు అన్నప్పుడు, ల్యాప్‌టాప్‌లే కావాలని గొంతు చించుకున్నది నేనొక్కదాన్నే. మిగతావాళ్లంతా ఇప్పుడున్నలాంటి చిన్న డబ్బాలే చాలన్నారు. డబ్బా అంటే టిఫిన్ బాక్సంత ఉండే డెస్క్‌టాప్. తెర వెనక మరలతో బిగించేస్తే ఇక కదలదు. మన్నిక ఎక్కువట, ఎవరూ ఎత్తుకుపోలేరట, ల్యాప్‌టాప్ మీదికి వంగితే మెడ పట్టేస్తుందట. అసలు కారణం మాత్రం ఒక్కరి నోటా రాలేదు.

నా కారణం నేను దాచలేదు. నా కూతురికి ఎనిమిదేళ్లు. బడి వదిలాక తాళం తీసుకుని ఖాళీ ఇంట్లోకి వెళ్తుంది. నేను వచ్చేదాకా అన్ని గదుల్లో లైట్లు వేసుకుని, తలుపు వైపే చూస్తూ కూర్చుంటుంది. ల్యాప్‌టాప్ ఉంటే మధ్యాహ్నమే ఇంటికెళ్లి, మిగతా పని అక్కడ చేసుకోవచ్చు. దానికి మెడ నొప్పి అడ్డమట. ఒళ్లు మండిపోయింది నాకు.

మాది మిక్సీలు, గీజర్లు ఎలా వాడాలో చెప్పే చిన్న పుస్తకాలు రాసే ఆఫీసు. అందరం పెద్దాయన అని పిలిచే ఎడిటరు ఒకాయన ఉండేవారు. రాయడం అయ్యాక ఫైలు మూయకూడదు. తెరిచి ఉంచి టీకి వెళ్లాలి. ఆయన వచ్చి, మా ఖాళీ కుర్చీ మీద చెయ్యి ఆనించి, నిలబడే చదివేవారు. బాగుందనిపిస్తే చివరి లైనుకు పసుపు రంగు పూసి వెళ్లేవారు. ఆయన పోయి ఏడాది దాటింది. పసుపు మాత్రం ఆగలేదు. మేం ఇప్పటికీ ఫైళ్లు తెరిచే ఉంచుతాం. కుర్చీ వెనక మనిషి పట్టేంత చోటూ వదులుతాం. ఎందుకని ఎవరూ అడగరు.

టీ దగ్గర టైపిస్టు అక్క నన్ను పక్కకు లాగింది.

"ఇక్కడిది ఇక్కడే ఉండనీవే. డబ్బాలైతే బిగించి ఉంటాయి."

"ఏంటక్కా ఇక్కడిది? మిషన్ పాతదై పిచ్చి వేషాలేస్తుంటే, దానికో దెయ్యం కథ కడతారా?"

"నేను దెయ్యం అన్లేదు. ఆ మాట నీ నోటే వచ్చింది," అంది.

ఆ మిషన్ల సంగతి నాకు తెలియదా ఏమిటి. కానీ కళ్లు మూసుకుంటే చాలు, లైట్లన్నీ వేసుకుని కూర్చున్న పిల్లే కనిపించేది. ఇంకేదీ ఆలోచించదలచుకోలేదు.

ఓనరు మెత్తని మనిషి. నా పోరు పడలేక సరేనన్నాడు. పాత డబ్బాల్లో ఉన్నదంతా ల్యాప్‌టాప్‌లలోకి ఎక్కించి ఇచ్చారు. నాది సంచిలో వేసుకుని, బడి వదిలే వేళకే ఇంటికొచ్చాను.

నన్ను చూడగానే నా కూతురు మెడకు చుట్టుకుపోయింది. భోజనాల బల్ల దగ్గర నా పక్కనే కూర్చుని లెక్కలు చేసుకుంది. మిగతా గదుల్లో లైటు వెయ్యనే లేదు. నా కడుపు నిండిపోయింది. గీజరు పేజీ పూర్తి కాగానే పాలు వెచ్చబెట్టడానికి వంటింట్లోకి వెళ్లాను. చేతికి పట్టిన అలవాటు ఎక్కడికి పోతుంది. ఫైలు మూయలేదు.

గ్లాసుతో తిరిగొచ్చేసరికి చివరి లైను పసుపుగా ఉంది.

"నువ్వు ముట్టుకున్నావా?"

"లేదమ్మా," అంది తలెత్తకుండానే.

అది తన కుర్చీని బల్లకేసి బాగా జరుపుకుని కూర్చుంది. వెనక, గోడ దాకా, మనిషి పట్టేంత చోటు. ఆ చోటు గురించి దానికి నేనెప్పుడూ చెప్పలేదు.

ల్యాప్‌టాప్ మూసేసి, సంచిలో కుక్కి, జిప్పు లాగేశాను. రేపు పొద్దున్నే తిరిగిచ్చేస్తాను, ఆ పాత డబ్బానే మళ్లీ బిగించమంటాను అనుకున్నాను.

"రేపట్నుంచి అమ్మ మళ్లీ ఆఫీసులోనే పని చేసుకోవాలి. కాస్త ఓర్చుకోవాలి, బంగారం," అన్నాను.

గొంతెత్తి ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. పాలు తాగి, చేత్తో మూతి తుడుచుకుంది. దాని కుర్చీ కొంచెం వెనక్కి వాలి, అలాగే ఆగింది.

"పర్లేదమ్మా, నువ్వెళ్లు," అంది. "తాతయ్య ఇక్కడే ఉంటానన్నారు."